మెరుపుకి పెన్సిలు లేదు

ఆ శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ముందు చెబుతాను. రేపు ఎవరైనా నేను లేను, నేను వినలేదు అంటే కుదరదు.

మా నాన్న ప్రేమదాసు ఉన్నాడు. చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లు పని ఆయనది. ఆ ఏడు తెల్లదోమ పత్తినంతా తినేసింది. మిల్లుకి బండ్లు రావడం తగ్గింది, నాన్న ఇంట్లో ఉండటం ఎక్కువైంది. అమ్మ వంటింట్లో ఉంది. గ్లాసుల చప్పుడు తప్ప ఆమె గొంతు ఆ రోజు వినపడలేదు. పెదనాన్న జక్రయ్య ఉన్నాడు. నాన్నకి అన్న, మిషన్ బడికి హెడ్మాస్టరు, మా సంఘానికి పెద్ద. అందువల్ల మా ఇంట్లో ఆయన మాట మీద మాట ఉండదు. వరండాలో చాప మీద చిన్న నాయనమ్మ పున్నమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంది. చనిపోయిన మా నాయనమ్మకి ఆమె తోడబుట్టిన చెల్లెలు. గోడవార కుర్చీలో మార్టూరు రంజాన్ గారు. నున్నగా పాలిష్ పట్టిన నల్లరాయి మీద ఉక్కు మొనతో మనుషుల ముఖాలు పొడిచే పని ఆయనది.

నేను తలుపు పక్కన నిలబడ్డాను.

నాయనమ్మ కూడా ఉంది. నా డ్రాయింగు బోర్డు మీద, క్లిప్పుల మధ్య, పెదనాన్న ఒళ్ళో.

ఆమెకి ఫోటో లేదు. ఈ గొడవంతా అక్కడే మొదలైంది. కొండమ్మ అనే మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ ఫోటో తీయించుకోలేదు. పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడిక రోజుకి ఆమె సమాధి మీద ముఖం చెక్కిన రాయి నిలబెట్టాలని పెదనాన్న పట్టుబట్టాడు. ఫోటో లేకుండా మా వల్ల కాదని పేటలో స్టూడియోల వాళ్ళు చెప్పేశారు. "మన రెబ్కా గుంటూరులో డ్రాయింగు నేర్చుకుంటోందిగా, అది గీస్తుంది" అన్నది పెదనాన్నే. చలికాలమంతా గీశాను. నిన్న బొమ్మని దుప్పటిలో చుట్టి, బస్సులో ఎవరి మోచెయ్యీ తగలకుండా నిలబడి తెచ్చాను. ఇప్పుడు ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. తీసి, కండువాతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఇది ఇట్లా పనికిరాదు" అన్నాడు.

"ఏం అన్నయ్యా, బాగా రాలేదా?" అన్నాడు నాన్న.

"వచ్చింది. అక్కర్లేనిది కూడా వచ్చింది." వేలు తెచ్చి నాయనమ్మ నుదుటి మీద ఆనించాడు. పెన్సిలు బొమ్మ మీద వేలు పెట్టకూడదు, అంటుకుంటుంది. "ఈ బొట్టు తీసెయ్యాలి."

అది బొట్టు కాదు, పచ్చబొట్టు. కనుబొమల మధ్య నిలువుగా ఒక గీత, గీత కింద చుక్క. చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళలో అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకే మనిషి, ఒకే సూదితో పొడిచింది. తర్వాత ఎన్నో ఏళ్ళకి నాయనమ్మ బాప్తిస్మం తీసుకుంది. చర్చిలో ముందు వరసలో చాప మీద కూర్చుని, ఆ గీతతోనే, అందరికంటే గట్టిగా పాడేది. ఎవరూ ఆమెని లేచి వెనక్కి వెళ్ళమనలేదు.

"సిలువ కింద బొట్టుతో ముఖమేమిట్రా?" అన్నాడు పెదనాన్న. "ఆ రోజు గుంటూరు నుంచి పెద్దలొస్తారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. వాళ్ళంతా ఏమనుకుంటారు?"

"చిన్నప్పుడు పొడిచింది కదన్నయ్యా. అది పోయేది కాదుగా."

"ముఖం మీద పోదు. కాగితం మీద పోతుంది." నా వైపు తిరిగాడు. "ఏమ్మా, రబ్బరు ఉందిగా? కూర్చో. కూర్చుని ఇప్పుడే తీసెయ్. మెడలో సన్నంగా ఓ గొలుసు వెయ్. రంగు కూడా కాస్త తగ్గించు."

రంజాన్ గారు కుర్చీలో కదిలారు. "మాస్టారూ, రాయే నల్లది. అందులో ఆమె రంగు తగ్గించాలంటే ఇంకా ఎక్కువ పొడవాలి, నా చెయ్యి పోద్ది" అన్నారు. "మీరు ఏది ఇస్తే అది పొడుస్తాను. ఆ తర్వాత మార్చమంటే మాత్రం నా వల్ల కాదు. రాయికి రబ్బరు ఉండదు. సాయంత్రం బస్సుకి పోవాల, త్వరగా తేల్చండి."

నాకు మాట్లాడటం రాదు. నలుగురిలో అసలే రాదు. డైరీలో మాత్రం పేజీలకి పేజీలు ఎవరినైనా కడిగేస్తాను. ఆ మధ్యాహ్నం నా లోపల ఒక డైరీ మొత్తం నిండుతోంది, నోట్లోంచి ఒక్క మాట రావడం లేదు. గొలుసు వేయాలట. నాయనమ్మ మెడలో నేను ఎన్నడూ చూడని గొలుసు. మిరపచేలల్లో ఎండకి కాలిన రంగు తగ్గించాలట. అదంతా తీసేసి మిగిలినదాన్ని ఎవరని చెప్పి ప్రార్థన చేస్తారు?

పెదనాన్నకి ఒక సంగతి తెలియదు. ఈ బొమ్మ గీయడానికి ముందు నేను ఎన్ని రాని బొమ్మలు గీశానో ఆయనకి తెలియదు.

మా ఊరి బడిలో నేను మంచి చిత్రకారిణిని. పూలకుండీ, రెండు కొండల మధ్య సూర్యుడు, నెమలి, ఇవి నాకు కళ్ళు మూసుకున్నా వచ్చేవి. గుంటూరు బ్రాడీపేటలో వెంకటరావమ్మ టీచరు గారి దగ్గరికి వెళ్ళిన మొదటి రోజు పూలకుండీ గీసి చూపించాను. ఆమె చూసి కాగితం బోర్లించారు. "ఇది నీకు వచ్చుగా, మళ్ళీ ఎందుకు గీశావు?" అన్నారు. వరండాలో ఉన్న నులక మంచం చూపించి అది గీయమన్నారు.

నులక మంచం గీయాలని ఎవరైనా అనుకుంటారా? తాడు మీద తాడు, తాడు కింద తాడు. ఒకటి తప్పితే మంచమంతా కుంగిపోయినట్టు కనిపిస్తుంది. వారాలు పట్టింది. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఇంత కష్టమైనవి మొదటే ఇచ్చి నన్ను పంపించేయాలని చూస్తున్నారనుకుని ఆమె మీద డైరీలో చాలా రాశాను. ఒక రోజు ఆమె నా వెనక నిలబడి, "తాళ్ళని వదిలెయ్. తాళ్ళ మధ్య ఉన్న సందులు గియ్" అన్నారు. సందులు గీశాను. మంచం దానంతటదే వచ్చి కూర్చుంది.

అది వచ్చిందని మురిసేలోపే తీగ మీద తడి చీర ఇచ్చారు. అదీ వచ్చాక ఇత్తడి చెంబు. తోమిన చెంబు మీద ఎండ పడి మెరుస్తోంది. ఆ మెరుపు కోసం నేను పెన్సిలు ఎంత నొక్కితే చెంబు అంత మసిబారింది. "మెరుపుకి పెన్సిలు లేదమ్మాయ్" అన్నారు టీచరు గారు. "దాని చుట్టూ నలుపు పెట్టు. అది ఉన్నచోట కాగితాన్ని ముట్టుకోకు. కాగితమే మెరుస్తుంది." ఎంత ఒళ్ళు మండిందో నాకు. ఆ ముక్క మొదటే చెప్పచ్చు కదా! ఇప్పుడు తెలుస్తోంది, మొదట చెప్పి ఉంటే విని ఊరుకునేదాన్ని. చెంబుని మసి చేశాక చెప్పారు కాబట్టి చేతికి ఎక్కింది.

చివరికి ఎదురుగా లేని ముఖం వచ్చింది. అన్నిటికంటే కష్టమైనది. ఇంటికొచ్చినప్పుడల్లా చిన్న నాయనమ్మ పక్కన కూర్చుని, ఆమె మిరపకాయలు ఏరుతూ చెబుతుంటే గీసేదాన్ని. "కింద పెదవి ఇంకా దించు, చుట్ట పెట్టీ పెట్టీ జారింది. ఆ ముక్కేందే, సినిమావాళ్ళ ముక్కులాగా! చెవులు పెద్దవి చెయ్, కమ్మలు తీసేసినా బొక్కలు పూడలా." నుదుటి సంగతి మాత్రం ఆమె చెప్పలేదు. అది నేను నా కళ్ళతో చూసిందే గీశాను. నాయనమ్మ ఒళ్ళో పడుకుని పైకి చూసినన్నాళ్ళూ నాకు మొదట కనిపించింది ఆ నుదురే. అక్కడ గీత తిన్నగా ఉండదు. సగంలో తెగి, మళ్ళీ మొదలవుతుంది. తెగినచోట చర్మం నున్నగా, ముడతలు లేకుండా, దీపం వెలుగులో మెరిసేది. ఎందుకో నాకు తెలియదు. ముసలితనమనుకున్నాను. చెంబు గీసిన చెయ్యి కాబట్టి ఆ మెరుపు గీయగలిగాను.

ఇదంతా చెరపమంటున్నారు.

"ఏమ్మా, వినపడలేదా?" అన్నాడు పెదనాన్న.

"చెరపను" అన్నాను.

నా గొంతేనా అనిపించింది. నాన్న తలెత్తాడు.

"ఏంటీ?"

"చెరపను పెదనాన్నా. గొలుసు కూడా వేయను. నాయనమ్మకి లేదు."

"చూశావట్రా దాసూ, గుంటూరు పంపిస్తే ఏం నేర్చుకొచ్చిందో!" పెదనాన్న నవ్వాడు. బడిలో బెత్తం తీసే ముందు ఆయన అలాగే నవ్వుతాడని అందరికీ తెలుసు. "నువ్వు గీసేదానివి, అంతే. ఆమె నాకు తల్లి. మా అమ్మ ఎట్లా ఉండాలో నువ్వు చెబుతావా?"

"ఎట్లా ఉండాలో చెప్పడం లేదు. ఎట్లా ఉండేదో గీశాను."

వరండాలో మిరపకాయల చప్పుడు ఆగింది.

రంజాన్ గారు లేచి బోర్డు దగ్గరికి వచ్చారు. మాట మార్చడానికే అయ్యుంటుంది. వంగి చూసి, "అది సరే గానీ, నుదుటి మీద ఈ తెల్లగా ఉన్నదేంది? కాగితం లేచిందా? ఇది గూడ పొడవాల్నా?" అన్నారు.

"ఆ, అదే!" పెదనాన్న చప్పున అందుకున్నాడు. "కాగితం పాడైంది అక్కడ. అది కూడా సరిచెయ్యి."

అంత తొందరగా ఎందుకు అన్నాడో అప్పుడు నాకు తట్టలేదు. కాగితం పాడైందన్న మాటే తగిలింది. చలికాలమంతా ప్రాణం పెట్టి ముట్టుకోకుండా కాపాడిన చోటు అది.

"పాడవలేదు!" అరిచినంత పని చేశాను. "అది నేను వదిలేశాను. అక్కడ నాయనమ్మకి చర్మం నున్నగా మెరిసేది. మెరుపుకి పెన్సిలు లేదు, చుట్టూ నలుపు పెట్టి కాగితం వదిలేయాలి. మీరు రబ్బరు పెట్టి గీత చెరపగలరేమో, చుక్క చెరపగలరేమో. దాన్ని మాత్రం చెరపలేరు. అక్కడ చెరపడానికి ఏమీ లేదు. పోయి పోయి దాని మీద ఎవరైనా పెన్సిలు రుద్దితే తప్ప అది పోదు!"

గెలిచాననుకున్నాను. అంత తెలివిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

చిన్న నాయనమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. చేతులు ఎర్రగా, వేళ్ళు దూరంగా పెట్టుకుని ఉంది, ఎక్కడా తగలకుండా. ఆమె నుదుటి మీద కూడా అదే గీత, అదే చుక్క. తిన్నగా, తెగకుండా.

"ఏందిరా జక్రీ, బొట్టు చెరపమంటున్నావంట. నా మొహం మీదది గూడ చెరుపుతావా? రా, చెరుపు."

"పిన్నీ, నువ్వు పోయి నీ పని చూసుకో."

"నా పని అదేరా. నలభై ఏళ్ళ నుంచి ఈ మొహం ఏసుకుని మీ గుడికి వస్తన్నా. నీ పక్కనే నిలబడి చందా పళ్ళెంలో గుప్పెడు బియ్యం ఏస్తన్నా. బియ్యం తీసుకునేటప్పుడు కనపళ్ళా బొట్టు?" అని బోర్డు వైపు చూసింది.

పూర్తయిన బొమ్మ ఆమె చూడటం అదే మొదలు. ఎర్ర చేతుల్ని వెనక్కి పెట్టుకుని, మెడ చాచి, నాయనమ్మ నుదుటి దగ్గరికి ముఖం తెచ్చింది.

"ఈ మచ్చ సంగతి నీకు ఎవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు చిన్న నాయనమ్మా. కనిపించేదిగా."

"కనిపించేది" అంది ఆమె. "అందరికీ కనిపించేది. ఇదొక్కతే చూసింది." పెదనాన్న వైపు తిరిగింది. "నువ్వు చెప్పు దీనికి. ఆ మచ్చ ఎట్టా వచ్చిందో చెప్పు."

"పిన్నీ!"

"చెప్పవా? అయితే నేనే చెబుతా. వీడు బోర్డింగు బడిలో చదివే రోజులు. మా అక్క ఆదివారం ఆదివారం నడిచిపోయి వీడికి జొన్నన్నం ఇచ్చొచ్చేది. ఒకసారి వీడు గేటు దాకా వచ్చి, అమ్మా నువ్వు ఇంక రాబాక, నీ బొట్టు చూసి పిల్లోళ్ళు నవ్వుతున్నారు అన్నాడంట. అది ఇంటికొచ్చి సున్నంలో నల్లజీడి రసం కలిపి నుదుటికి పూసుకుంది. జీడి అంటే తెలుసా నీకు? చాకలోళ్ళు గుడ్డల మీద గుర్తులు పెట్టేది. తోలు ఊడొచ్చింది. జ్వరంతో మంచాన పడింది. సగం కాల్చుకున్నాక నేనే చూసి చెయ్యి పట్టుకున్నా, లేకపోతే మొత్తం కాల్చుకునేది." గొంతు తగ్గింది. "వాడు చదువుకునేవాడు, వాడికి నా మొహం బాలేదే పున్నీ అని నవ్వింది."

నాన్న ముఖం చూశాను. ఆయనకి ఈ సంగతి తెలియదు. ఆయన అప్పటికి పుట్టి ఉండడు, పుట్టినా చంటిపిల్లాడు. నోరు కొద్దిగా తెరిచి అన్న వైపు చూస్తున్నాడు.

పెదనాన్న కళ్ళద్దాలు తీశాడు, ఈసారి తుడవలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. ఆయనకి పెద్దలూ పాస్టరు గారూ బొట్టూ కాదు బాధ. బోర్డు ఒళ్ళోకి తీసుకోగానే ఆయన చూసింది ఆ మచ్చనే. దాని పక్కన ఉన్న గీత మీద గొడవ పెట్టాడు, మచ్చ కూడా దానితో పాటు పోతుందని. ఒకసారి ఆమెని కాల్చుకునేలా చేసి చాలక, ఇప్పుడు కాలిన గుర్తు కూడా ఉండకూడదంటున్నాడు. నాకు భయం పోయింది. ఇంట్లో ఆడపిల్ల పెద్దవాళ్ళ ముఖంలోకి చూడకూడదు. నేను చూశాను.

"పెదనాన్నా, మీరు నాయనమ్మని రెండోసారి చెరపమంటున్నారు. నా చేత్తో."

"నోర్ముయ్!" అన్నాడు. ఆ కేకకి వంటింట్లో గ్లాసు కింద పడింది. తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. నాన్నతో మాట్లాడాడు. "దాసూ, నేను పోయాక కూడా ఆ రాయి అక్కడే ఉంటుంది. నా పిల్లలు చూస్తారు, వాళ్ళ పిల్లలు చూస్తారు. ప్రతివాడూ అడుగుతాడు ఆ మచ్చ ఏంటని. ఈవిడో, ఇదో చెబుతూనే ఉంటారు. నువ్వే తేల్చు. ఆమె నీకూ తల్లే. నువ్వు ఉంచమంటే ఉంచుతా."

అందరూ నాన్న వైపు చూశారు. నాకైతే ధైర్యంగానే ఉంది. బ్రాడీపేట వెళ్తానన్నప్పుడు ఊరంతా వద్దన్నా మాట్లాడకుండా నా పెట్టె ఎత్తుకుని బస్సు దాకా వచ్చిన మనిషి మా నాన్న. నులక మంచం బొమ్మ ఇంటికి తెస్తే, నేల మీద పెట్టి, దాని మీద కూర్చోబోయినట్టు నటించి నన్ను నవ్వించిన మనిషి. ఆయన ఉంచమంటాడు. ఉంచమనక ఏమంటాడు?

నాన్న చాలాసేపు నాయనమ్మని చూశాడు. తర్వాత బోర్డుని జాగ్రత్తగా, అంచులు పట్టుకుని, అన్న ఒళ్ళోంచి తీసుకున్నాడు.

"రంజాన్ గారూ, కాస్త లోపలికి రండి" అన్నాడు. "అన్నయ్యా, నువ్వు కూడా రా."

వాళ్ళిద్దరూ లోపలి గదిలోకి వెళ్ళారు. నేను కూడా కదిలాను.

"నువ్వు బయట ఉండమ్మా."

"నాన్నా, అది నా బొమ్మ."

"తెలుసు. బయట ఉండు."

"ఏరా ప్రేమదాసూ, ఏం చేయబోతున్నావురా?" అంది చిన్న నాయనమ్మ. నేల మీద నా రేకు డబ్బా మూత తీసి ఉంది. ఆయన వంగి అందులోంచి రబ్బరు తీసుకున్నాడు. పోనీ గీత పోతుంది, చుక్క పోతుంది, మచ్చ మిగులుతుంది, అనుకున్నాను. రబ్బరుకి మచ్చ లొంగదు.

నాన్న మళ్ళీ వంగాడు. డబ్బాలో వేళ్ళు తిప్పి, వెతికి, అన్నిటికంటే నల్లగా పడే మెత్తని పెన్సిలు ఏరి తీసుకున్నాడు.

ఆయన పెన్సిలు పట్టుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. దాంతో ఏం చేయాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఆ మచ్చ ఎట్లా పోతుందో ఇందాక అందరి ముందూ గొంతు చించుకుని చెప్పింది నేనే.

"నాన్నా!"

ఆయన నా కళ్ళలోకి చూడలేదు. బోర్డుని గుండెకి ఆనించుకుని, గది లోపలికి వెళ్ళి, నా ముఖం మీద తలుపు వేసి గడియ పెట్టాడు.